పాత అమెరికన్ కారుకు హైదరాబాద్‌లో పార్టులు వెతకడం: ముందు కొలత, తర్వాతే కొనుగోలు

"డాడ్జ్ కింగ్స్‌వేకి హెడ్ గ్యాస్కెట్ కావాలి" అని అడిగితే సరైన పార్టు రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది. డాడ్జ్, ప్లిమత్, డిసోటోలున్న క్రైస్లర్ కుటుంబంలో ఆరు సిలిండర్ల ఫ్లాట్‌హెడ్ ఇంజన్లు (వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులో ఉండే రకం) రెండు పొడవుల్లో వచ్చాయి. అమెరికాలో పోతపోసిన ప్లిమత్, డాడ్జ్ ఇంజన్ల హెడ్ సుమారు 23 అంగుళాలు, కెనడాలో పోతపోసిన వాటి హెడ్ సుమారు 25 అంగుళాలు. తికమక ఏంటంటే రెండు దేశాల్లోనూ "218" (ఘనపు అంగుళాల్లో ఇంజన్ సైజు) అనే ఇంజన్ ఉంది. అమెరికన్ 218 బోరు (సిలిండర్ వ్యాసం) 3 1/4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 4 3/8. కెనడా 218 బోరు 3 3/8, స్ట్రోకు 4 1/16. లెక్క కడితే ఘనపరిమాణం దాదాపు ఒకటే వస్తుంది. కానీ దాని పిస్టన్ దీనికి పట్టదు, రింగులు పట్టవు, గ్యాస్కెట్ అసలే పట్టదు.

మన దగ్గరున్న కార్లలో ఈ చిక్కు ఎక్కువ. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 వరకు బొంబాయిలో చేవ్రొలెట్లు బిగించింది. ప్రీమియర్ కంపెనీ కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డిసోటో బిగించింది. హిందుస్తాన్ మోటార్స్ స్టూడీబేకర్లు చేసింది. విడిభాగాలుగా ఓడలో వచ్చి ఇక్కడ కార్లయిన బండ్లివి. ఆ తర్వాత అరవై డెబ్భై ఏళ్లలో ఎందరో ఉస్తాదులు దొరికిన పార్టుతో నడిపించారు. కొన్ని టాక్సీలై డీజిల్ ఇంజన్ కూడా ఎక్కించుకున్నాయి. అందుకే బానెట్ మీద ఉన్న పేరును బట్టి పార్టు కొనకండి. ఇనుము మీద ఉన్న నంబరు, కాలిపర్ చూపించిన కొలత, ఈ రెండే నమ్మదగినవి.

నంబర్లు ఎక్కడుంటాయి, ఏది దేనికి

క్రైస్లర్ కుటుంబం ఫ్లాట్‌హెడ్ సిక్స్‌లో ఇంజన్ నంబరు బ్లాకు ఎడమ పక్క, ముందు భాగంలో, జనరేటర్‌కు పైన చదునుగా చెక్కిన చోట గుద్ది ఉంటుంది. చేవ్రొలెట్ సిక్స్‌లో కుడి పక్క, డిస్ట్రిబ్యూటర్ దగ్గర. కిరోసిన్‌తో మడ్డి కడిగి, వైర్ బ్రష్ మెల్లగా తిప్పి, ఆరాక సుద్దముక్క అడ్డంగా రాయండి. గుద్దిన గీతల్లో సుద్ద నిలిచి అంకెలు తేలతాయి. గ్రైండర్ మాత్రం పెట్టొద్దు. ఆ అంకెలు ఆర్‌సీలో ఉన్నవే, చెరిగితే రవాణా శాఖ ఆఫీసులో జవాబు చెప్పుకోవడం కష్టం.

పోతలో ఉబ్బెత్తుగా వచ్చే కాస్టింగ్ నంబరు వేరు, పార్టు నంబరు వేరు. ఒకే పోతను రెండు మూడు రకాలుగా చెక్కి వేర్వేరు పార్టులుగా అమ్మేవారు. కాబట్టి కాస్టింగ్ నంబరు ఒక్కటే చూపి "ఇదే కావాలి" అని ఆర్డర్ ఇవ్వకూడదు. చేవ్రొలెట్ బ్లాకు మీద పోత తేదీ కూడా ఉంటుంది. జనవరికి ఏ నుంచి డిసెంబరుకు ఎల్ దాకా నెలకో ఇంగ్లిష్ అక్షరం, తర్వాత తారీఖు, తర్వాత సంవత్సరంలో చివరి అంకె. ఆర్‌సీలో ఒక ఏడాది, బ్లాకు మీద ఇంకో ఏడాది కనిపిస్తే ఎప్పుడో ఇంజన్ మారిందన్నమాట. అప్పుడు ఇంజన్ పార్టులకు బ్లాకు మీది ఏడాదిని, బాడీ పార్టులకు బాడీ ఏడాదిని పట్టుకోవాలి.

చేవ్రొలెట్‌లో ఇది ఇంకా ముఖ్యం. 1937 నుంచి 1953 వరకు వచ్చిన 216 ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్లకు వైట్ మెటల్ (మెత్తటి మిశ్రమ లోహం) పోత బేరింగులు ఉంటాయి. ఆయిల్ ఒత్తిడితో కాకుండా, రాడ్ అడుగున ఉన్న చిన్న చెంచా లాంటి డిప్పర్ ఆయిల్‌ను అందుకోవడం వల్ల తడుస్తాయి. 1954 నాటికి అన్ని 235 ఇంజన్లకూ మార్చుకునే షెల్ బేరింగులు, పూర్తి ఒత్తిడి ఆయిలింగ్ వచ్చాయి. 216 ఆయిల్ గేజీలో ఒత్తిడి తక్కువ చూపించడం దాని సహజ స్వభావం. అది చూసి కంగారుపడి చిక్కటి ఆయిల్ పోస్తే డిప్పర్లకు అందేది ఇంకా తగ్గుతుంది. వైట్ మెటల్ పోసి, లైన్ బోరింగ్ చేసే చేతులు తగ్గిపోతున్నాయి. పని ఇచ్చే ముందు ఆ వర్క్‌షాపు ఈమధ్య పోసిన రాడ్ ఒకటి చూపించమనండి. పోత అంచు దగ్గర ఉక్కుకు, వైట్ మెటల్‌కు మధ్య గోరు దిగేంత సందు కనిపిస్తే అది పట్టని పోత, వారంలో ఊడుతుంది.

అంగుళాల బండికి మిల్లీమీటరు పానాలు

అమెరికన్ కార్లలో నట్లు, బోల్టులు అంగుళాల కొలతలో, యూఎన్‌సీ (ముతక), యూఎన్‌ఎఫ్ (సన్న) మరలతో ఉంటాయి. 3/4 అంగుళం తలకు 19 మి.మీ. పానా సరిపోతుంది, ఎందుకంటే అసలు కొలత 19.05. 5/8కు 16 కూడా ఫరవాలేదు. కానీ 1/2 అంగుళం అంటే 12.7 మి.మీ. దానికి 13 పానా వేసి బలంగా తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి. 7/16, 1/2, 9/16, 5/8, 3/4, ఈ ఐదు అంగుళాల రింగు పానాలు కొనకుండా పని మొదలుపెట్టొద్దు. మరల గేజీ కూడా ఒకటి ఉంచుకోండి. మన పాత పెట్టెల్లో అంబాసిడర్ కాలం నాటి బ్రిటిష్ బోల్టులు కలిసిపోయి ఉంటాయి. వాటి మర కోణం 55 డిగ్రీలు, అమెరికన్‌ది 60. మొదట రెండు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత బిగుసుకుంటే బలం పెట్టకుండా వెనక్కి తిప్పండి.

బ్రేకు పైపు దగ్గర ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికన్ పైపు ఎక్కువగా 3/16 అంగుళం, నట్టు 3/8-24 (అంగుళానికి 24 మరలు), పైపు కొన 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్, అంటే రెండు మడతలుగా విప్పిన గరాటు. ఇప్పటి మన కార్ల పైపు నట్టు ఎక్కువగా ఎం10 (10 మి.మీ. వ్యాసం), పిచ్ 1 మి.మీ., కొన బుడగలా ఉంటుంది. 3/8 నట్టు వ్యాసం 9.5 మి.మీ. కాబట్టి ఎం10 రంధ్రంలోకి వదులుగా దూరి పట్టినట్టే అనిపిస్తుంది. పెడల్ గట్టిగా తొక్కిన రోజు మరలు ఊడిపోతాయి. పైపు కొత్తగా చేయించండి, నట్లు మాత్రం పాతవే శుభ్రం చేసి వాడండి.

ఊళ్లోనే దొరికేవి

బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులకు రాణిగంజ్ వెళ్లండి. పాత బేరింగును కడిగి తీసుకెళ్తే చాలు. టేపర్ రోలర్ అయితే లోపలి కోన్ మీద, బయటి కప్పు మీద వేర్వేరు నంబర్లు చెక్కి ఉంటాయి, రెండూ రాసుకోండి. అంగుళాల సిరీస్ టేపర్ బేరింగులు ఇప్పటికీ యంత్రాలకు వాడుతున్నారు కాబట్టి చాలా నంబర్లు ఆటో పార్టుల దుకాణంలో లేకపోయినా పారిశ్రామిక బేరింగుల దుకాణంలో దొరుకుతాయి. చేవ్రొలెట్ వాళ్లు మాత్రం ముందు చక్రాలకు 1950ల పొడవునా బాల్ బేరింగులే వాడారు. అవి ఇక్కడ దొరక్కపోతే టేపర్‌కు మార్చే కిట్ అమెరికా నుంచి తెప్పించుకోవచ్చు.

ఆయిల్ సీలుకు మూడు కొలతలు: షాఫ్టు వ్యాసం, గూడు వ్యాసం, మందం. పాత తోలు సీలును కొలవకండి, అది ఎండి ముడుచుకుపోయి ఉంటుంది. షాఫ్టును, గూడును కొలవండి. షాఫ్టు మీద సీలు రాసుకున్న గాడి గోటికి తగిలితే కొత్త సీలు వేసినా కారుతుంది. సన్నని స్టీలు స్లీవు ఎక్కించాలి, లేదా సీలు పెదవి గాడి పక్కన పడేలా కొంచెం జరిపి కొట్టించాలి.

కింగ్ పిన్ (ముందు చక్రం తిరిగే ఇరుసు) బుష్‌లు, కమాన్ పట్టీల షాకిల్ (పట్టీ కొనను వేలాడదీసే లింకు) బుష్‌లు బాలానగర్, ఆజామాబాద్ వైపు మంచి లేత్ పనివాళ్లు ఫాస్ఫర్ బ్రాంజ్‌లో తిప్పి ఇస్తారు. ఇక్కడ రెండు విషయాలు మర్చిపోతారు. ఒకటి, బుష్ లోపల గ్రీజు గాడి, గ్రీజు నిపుల్ ఎదురుగా రంధ్రం. అవి లేకపోతే గ్రీజు గన్ ఎంత కొట్టినా లోపలికి పోదు. రెండు, పై బుష్, కింది బుష్ బిగించాక రెండింటినీ ఒకే రీమర్‌తో ఒకే వరుసలో రీమ్ చేయాలి. విడివిడిగా చేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. కమాన్ పట్టీలు వంచి కట్టే పనికి ఆటోనగర్ లారీ వర్క్‌షాపులు చాలు.

రెండు ముక్కల చదును విండ్‌షీల్డ్ అయితే అట్ట నమూనా కోసి ఇస్తే లామినేటెడ్ గాజు ఊళ్లోనే కోస్తారు. తలుపు గాజు టఫెన్డ్ చేయించాలంటే ముందే సరిచూసుకోండి, ఒకసారి టఫెన్ అయ్యాక అంచు అర మిల్లీమీటరు కూడా అరగదీయలేరు. 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైటు 1940 నుంచి 1950ల మధ్య దాకా అమెరికన్ కార్లలో ఒకటే కొలత, జీపుకు దొరికేది అందులో కూర్చుంటుంది. పైగా మన రోడ్డుకు ఎడమవైపు వెలుగు పడేది ఇక్కడి లైటే. 1940ల కార్ల 6.00-16 టైరు కూడా జీపు కోసం ఇప్పటికీ తయారవుతోంది. అదే సైజులో మూడు గీతల ట్రాక్టర్ ముందు టైరు కూడా ఉంటుంది, చవక అని అది వేయకండి. అది పొలం వేగానికి చేసింది.

"జీపుది ఏద్దాం సార్, సెట్ అయితది" అనే మాట చాలాసార్లు వినిపిస్తుంది. కొన్నిసార్లు నిజమే. విల్లీస్ జీపుకు, ప్లిమత్‌కు రెండింటికీ ఆటోలైట్ కంపెనీయే డిస్ట్రిబ్యూటర్లు ఇచ్చింది కాబట్టి లోపలి చిన్న పార్టులు కొన్ని కలవచ్చు. నంబరు చూసి, పాతది పక్కన పెట్టి, పోల్చాకే వేయించండి. పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంచి కలిపే స్పర్శలు) విషయంలో ఇంకో జాగ్రత్త: కండెన్సర్ తప్పు రకం పడితే ఒక పాయింటు మీద గుంట, ఎదురు దాని మీద చిన్న గుట్ట ఏర్పడతాయి. పాయింట్లు పదేపదే మార్చే బదులు కండెన్సర్ మార్చాలి. క్రైస్లర్ సిక్స్‌లో పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం.

వెనుక సిలిండర్లు కాగుతుంటే: నీటి గొట్టం

ప్లిమత్, డాడ్జ్, డిసోటో ఫ్లాట్‌హెడ్‌లలో బ్లాకు లోపల, వాటర్ పంపు వెనక నుంచి ఇంజన్ చివరిదాకా ఒక సన్నని రేకు గొట్టం పడుకుని ఉంటుంది. రేడియేటర్‌లో చల్లారిన నీటిని ప్రతి ఎగ్జాస్ట్ వాల్వు దగ్గరికి పంచడం దాని పని. బోరు నీళ్లు పోసిన ఇంజన్‌లో ఈ రేకు తుప్పు పట్టి ముందు భాగంలోనే తెగిపోతుంది. నీళ్లన్నీ అక్కడే తిరిగి వెళ్లిపోతాయి, 5, 6 సిలిండర్ల వాల్వులు చల్లదనం అందక కాగుతాయి. గేజీ మాత్రం మామూలుగానే చూపించొచ్చు. రేడియేటర్ రీకోర్ చేయించి, పంపు మార్చి, థర్మోస్టాట్ పీకేసినా జబ్బు తగ్గదు. చాలా ఇంజన్లలో చివరి రెండు వాల్వులే ముందు కాలడానికి కారణం ఇదే.

గొట్టం ముందుకు లాగి తీయాలి కాబట్టి రేడియేటర్ దింపక తప్పదు. పంపు విప్పితే చదునైన గొట్టం నోరు కనిపిస్తుంది. సన్నని ఇనుప కడ్డీ కొన వంచి కొక్కెం చేసి, గొట్టం పైన ఉన్న మొదటి కంతలో తగిలించి, అటూ ఇటూ ఊపుతూ లాగండి. బాగుంటే పూర్తిగా వస్తుంది. ఎక్కువగా పెచ్చులు పెచ్చులుగా చేతికొస్తుంది. అలా వస్తే బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్‌లు (పోత కంతలను మూసే గుండ్రటి రేకు మూతలు) కూడా తీసి, పొడవాటి కడ్డీతో లోపలి ముక్కలన్నీ బయటికి తోడాలి. వెనక మూలలో తడి ఇటుక పొడి లాంటి ఎర్ర బురద గట్టిగా కూరుకుని ఉంటుంది. పైపు నీళ్లు వెనక నుంచి ముందుకు కొడుతూ, గీకుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. కొత్త గొట్టం ఇత్తడిది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ తీసుకోండి. ఇక్కడ కూడా 23 అంగుళాల ఇంజన్‌కు, 25 అంగుళాల ఇంజన్‌కు వేర్వేరు పొడవులు. కంతలు వాల్వుల వైపు చూసేలా దూర్చాలి. తర్వాత బోరు నీళ్లు పోయొద్దు, డిస్టిల్డ్ నీళ్లలో కూలెంట్ కలపండి. థర్మోస్టాట్ తిరిగి పెట్టండి. 160 డిగ్రీల ఫారన్‌హీట్‌ది, అంటే 71 సెల్సియస్‌ది, మన ఎండకు సరిపోతుంది. రేడియేటర్ మూత మాత్రం ఇప్పటి కార్లది పెట్టకూడదు. ఆ కాలం రేడియేటర్లు ఒత్తిడి లేనివి, లేదా చాలా తక్కువ ఒత్తిడివి. 13, 15 పౌండ్ల మూత పెడితే టంకాలు విచ్చుకుంటాయి.

చక్రం విప్పే ముందు

క్రైస్లర్ బండ్లలో ఎడమవైపు చక్రాల బోల్టులకు మరలు ఉల్టా. తల మీద ఎల్ అక్షరం ఉంటుంది. తెలియక పొడవాటి పైపు వేసి విప్పబోతే బిగుసుకుని విరుగుతాయి. వెనక బ్రేకు డ్రమ్ము టేపర్ షాఫ్టు (కొన వైపు సన్నబడేది) మీద కూర్చుంటుంది, దానికి హబ్ పుల్లర్ కావాల్సిందే. షాఫ్టు కొనను సుత్తితో కొడితే ఆ దెబ్బ డిఫరెన్షియల్ మధ్యలో ఉన్న దిమ్మెకు, బేరింగులకు తగులుతుంది. నట్టు రెండు చుట్లు వదులు చేసి అలాగే ఉంచండి, పుల్లర్ బిగించి కొంతసేపు వదిలేయండి. డ్రమ్ము పెద్ద చప్పుడుతో ఎగిరి వస్తుంది, నట్టు లేకపోతే కాలి మీద పడుతుంది. లోపలి దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

వీల్ సిలిండర్ లోపల గుంటలు పడితే పారేయకండి. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్లీవు వేయించి అసలు కొలతకు తెప్పించుకోవచ్చు. అప్పుడు రబ్బరు కప్పులు అంగుళాల కొలత చెప్పి కొనుక్కుంటే చాలు.

ఆరు వోల్టులు, ఉల్టా ఎర్తు

1955 నుంచి చేవ్రొలెట్, 1956 నుంచి క్రైస్లర్, ఫోర్డ్ 12 వోల్టులకు మారాయి. అంతకు ముందువన్నీ 6. అందులోనూ చేవ్రొలెట్‌కు బ్యాటరీ నెగటివ్ ఎర్తు (బాడీకి కలిపేది నెగటివ్ కొస), క్రైస్లర్, ఫోర్డ్, స్టూడీబేకర్‌లకు పాజిటివ్ ఎర్తు. సెల్ఫ్ మెల్లగా తిరుగుతుంటే బ్యాటరీని తిట్టేముందు కేబుల్ చూడండి. అదే పనికి 6 వోల్టుల్లో కరెంటు రెట్టింపు కావాలి, మామూలు కారు కేబుల్ చాలదు. 1/0 లేదా 2/0 మందం కేబుల్ వేసి, ఎర్తు వైరు పెయింటు గీకిన ఇనుముకే బిగించండి. జనరేటర్ విప్పి బిగించినా, బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచినా పోలరైజ్ చేయాలి, అంటే జనరేటర్ ప్లస్, మైనస్‌లు బ్యాటరీతో కలిసేలా చేయాలి. ఆటోలైట్, డెల్కో రకాల్లో ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రెగ్యులేటర్ మీద బ్యాటరీ, ఆర్మేచర్ టెర్మినళ్లను వైరుతో ఒక్క క్షణం తాకిస్తే సరిపోతుంది. ఫోర్డ్ రకానికి ఈ పద్ధతి వాడొద్దు, రెగ్యులేటర్ కాలిపోతుంది.

మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగిపోతే

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ల మధ్య చలి దేశాల కోసం పెట్టిన ఒక కవాటం ఉంటుంది, బయట చిన్న బరువు, స్ప్రింగు కనిపిస్తాయి. ఇంజన్ వేడెక్కాక అది తెరుచుకోవాలి. తుప్పుతో మూసుకుని బిగిస్తే మంట కార్బురేటర్ అడుగునే తగులుతూ పెట్రోలు ఆవిరవుతుంది. చల్లారిన ఇంజన్ మీద బరువును వేలితో తిప్పి చూడండి. కదలకపోతే పెనెట్రేటింగ్ ఆయిల్ రెండు రోజులు పోస్తూ షాఫ్టు కొనలను చిన్న సుత్తితో అటొకసారి, ఇటొకసారి తట్టండి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. పాత పంపు డయాఫ్రం, పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి, మెత్తబడి చిట్లుతాయి. గొట్టం మీద ఎస్‌ఏఈ 30ఆర్9 అని ఉన్నది వేయండి. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది, కాబట్టి నెలల తరబడి నిలిపే బండిలో ట్యాంకు సగం ఉంచకండి. నింపండి, లేదా ఖాళీ చేయండి.

అమెరికా నుంచి తెప్పించుకునేటప్పుడు

పిస్టన్లు, రింగులకు ఎగీ మెషిన్, తలుపు రబ్బర్లకు స్టీల్ రబ్బర్ ప్రొడక్ట్స్, చేవ్రొలెట్‌కు చేవ్స్ ఆఫ్ ద 40స్, మామూలుగా అరిగే సరుకుకు రాక్‌ఆటో, టైర్లకు కోకర్, ఇవి దశాబ్దాలుగా నడుస్తున్న సంస్థలు. కొనే ముందు హోలాండర్ ఇంటర్‌ఛేంజ్ మాన్యువల్ చూడండి. ఏ పార్టు ఏ ఏ మోడళ్లలో పనిచేస్తుందో అందులో పట్టికలుంటాయి. డాడ్జ్‌కు దొరకనిది ప్లిమత్ పేరుతో సగం ధరకు దొరకొచ్చు.

పిస్టన్లు వచ్చాకే బోరింగ్ చేయించాలి. ముందే 0.030 అంగుళం ఓవర్‌సైజుకు బోరు చేయించి, తర్వాత ఆ సైజు పిస్టన్ లేదని తెలిస్తే బ్లాకు పాడైనట్టే. రీబిల్ట్ కార్బురేటర్, పంపు, జనరేటర్‌ల ధరలో "కోర్ చార్జ్" అని ఒకటి కలుస్తుంది. పాతది తిరిగి పంపితే ఇచ్చే డబ్బు అది. హైదరాబాద్ నుంచి పంపే ఖర్చే ఎక్కువవుతుంది, అందుకే రిపేరు కిట్ తెప్పించి ఇక్కడే చేయించడం మేలు. కొరియర్ వాళ్లు బరువుకే కాదు, పెట్టె సైజుకూ లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 60, 40, 30 సెం.మీ. పెట్టె లోపల ఐదు కిలోలే ఉన్నా 14.4 కిలోలకు కట్టాలి. రబ్బర్లు చుట్టగా చుట్టి చిన్న పెట్టెలో పెట్టమని ముందే రాయండి.

మన కార్లు కుడి స్టీరింగ్‌వి. ఇంజన్, గేర్‌బాక్సు, చక్రాల పార్టులు అమెరికావి సరిపోతాయి. స్టీరింగ్ బాక్సు, డ్యాష్‌బోర్డు, పెడళ్ల లింకులు, వైపర్ లింకులకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా వాళ్లను అడగాలి. పాత స్టీరింగ్ బాక్సు ఎంత అరిగినా పారేయకండి.

ఇంజన్ మార్చే ఆలోచన ఉంటే ఒక్కసారి ఆగండి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు రూ.20,000, పదేళ్ల చెల్లుబాటు. నంబర్‌ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ వస్తుంది. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నదే షరతు.

సలహా అడిగే తీరు

పాత ఉస్తాదును గానీ విదేశీ క్లబ్బు పెద్దలను గానీ "బండి వేడెక్కుతోంది, ఏం చేయాలి" అని అడిగితే వందమంది వంద చెబుతారు. ఇలా రాయండి: "ఇంజన్ నంబరు ఫొటో జత చేశాను. హెడ్ పొడవు 25 అంగుళాలు, బోరు 3 3/8. ఆరు వోల్టులు, పాజిటివ్ ఎర్తు. ఇరవై నిమిషాలు నడిపాక గేజీ మామూలుగానే ఉంది, కానీ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో ఒకటో సిలిండర్ కంటే ఆరో సిలిండర్ దగ్గర వేడి చాలా ఎక్కువ. థర్మోస్టాట్ కొత్తది, రేడియేటర్ రీకోర్ అయింది. నీటి గొట్టం ఇంకా తీయలేదు." ఫొటోలో పార్టు పక్కన స్కేలు ఉంచండి, నంబరున్న వైపు ఒకటి, బిగించే వైపు ఒకటి తీయండి. కొత్త పార్టు వచ్చాక పాతదాని పక్కన పెట్టి, రెండింటినీ కాలిపర్‌తో కొలిచి చూశాకే బిగించండి. పాతది తుప్పుముద్దలా ఉన్నా, కొత్తది బండి మీద వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా కబాడీకి వేయకండి.